సన్‌ఫ్లవర్ నూనె మానేసి ఫిష్ ఆయిల్ వేసుకుంటే కోలైటిస్ తగ్గుతుందా?

మీరు అడిగింది ఇది: మీ తమ్ముడికి 26 ఏళ్లు. ఏడాదిన్నర క్రితం అల్సరేటివ్ కోలైటిస్ (పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే దీర్ఘకాలిక జబ్బు) అని తేలింది. పేగు వాపు తగ్గించే మెసలమైన్ మాత్రలు వాడుతున్నాడు, ఇప్పుడు రక్తం పడటం లేదు, రోజుకి రెండు మోషన్లు. ఒమేగా-6 ఎక్కువైతే పేగులో వాపు పెరుగుతుందని, సన్‌ఫ్లవర్ నూనె ఆపేసి ఫిష్ ఆయిల్ క్యాప్సూల్స్ వేసుకుంటే మెల్లగా మందులు కూడా మానేయొచ్చని తెలిసినవాళ్లు చెప్పారు. అది నిజమేనా, వచ్చే నెల ఇంట్లో పెళ్లికి అతని భోజనం సంగతేంటి అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. నూనె మార్చండి, మంచిదే. వాడే నూనె తగ్గించండి, అది ఇంకా మంచిది. చేపలు తినే ఇల్లయితే వారానికి రెండుసార్లు వండండి. కానీ ఫిష్ ఆయిల్ క్యాప్సూల్ మెసలమైన్ పని చెయ్యదు. మందు ఆపొద్దు.

నేను క్లినికల్ డైటీషియన్‌ని. పంతొమ్మిదేళ్లుగా గ్యాస్ట్రో వార్డులోనే పని. ఈ ప్రశ్న ఇప్పుడు వారానికి రెండు మూడుసార్లు వింటున్నాను. అడిగేవాళ్ల ఆశ నాకు అర్థమవుతుంది. జీవితాంతం మాత్రలంటే పాతికేళ్ల పిల్లాడికి ఎంత దిగులో దగ్గరుండి చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీకు చెప్పినవాళ్ల మాట పూర్తిగా అబద్ధం కాదు. మనం తినే నూనెలో కొంత వెళ్లి శరీర కణాల పొరల్లో చేరుతుంది. సన్‌ఫ్లవర్, కుసుమ, పత్తిగింజల నూనెల్లో ఎక్కువగా ఉండేది లినోలిక్ యాసిడ్, అది ఒమేగా-6 రకం. దానిలో కొంత భాగం శరీరంలో అరాకిడోనిక్ యాసిడ్‌గా మారుతుంది. పేగు గోడలో వాపు మొదలైనప్పుడు ఈ అరాకిడోనిక్ యాసిడ్ నుంచే ల్యూకోట్రయీన్ బి4, ప్రోస్టాగ్లాండిన్ ఇ2 లాంటి పదార్థాలు తయారవుతాయి. ల్యూకోట్రయీన్ బి4 అయితే తెల్ల రక్తకణాలను పేగు గోడలోకి పిలిచి కూర్చోబెడుతుంది. చేపల్లో ఉండే ఇపిఎ, డిహెచ్ఎ అనే ఒమేగా-3 కొవ్వులు అవే ఎంజైముల దగ్గర పోటీకి వస్తాయి. వాటి నుంచి తయారయ్యే ల్యూకోట్రయీన్ బి5 చాలా బలహీనమైనది. పైగా వాపు చల్లారడానికి సాయపడే రిజాల్విన్లు కూడా వీటి నుంచే వస్తాయి. కాగితం మీద చూస్తే లెక్క సరిగ్గా సరిపోయింది కదా!

పేగులో అంత సరిగ్గా సరిపోదు. మొదటి సంగతి, నూనెలో లినోలిక్ యాసిడ్ రెట్టింపు తిన్నంత మాత్రాన ఒంట్లో అరాకిడోనిక్ యాసిడ్ రెట్టింపు కాదు. శరీరం ఆ మార్పిడిని గట్టిగా అదుపులో పెట్టుకుంటుంది. రెండోది ఇంకా ముఖ్యం. ప్రోస్టాగ్లాండిన్ ఇ2 పేగుకి పచ్చి శత్రువే అయితే, దాని తయారీని ఆపే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు కోలైటిస్‌కి దివ్యంగా పనిచెయ్యాలి. జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఒళ్లునొప్పులకని నాలుగు రోజులు ఆ మాత్రలు మింగి, రక్త విరేచనాలతో వార్డుకొచ్చినవాళ్లను ఎంతమందినో చూశాను. అదే ప్రోస్టాగ్లాండిన్ పేగు లోపలి పొరను కాపాడే పని కూడా చేస్తుంది మరి. "ఒమేగా-6 చెడ్డది, ఒమేగా-3 మంచిది" అని రెండు ముక్కల్లో తేల్చేస్తే కుదరదని నేను అనేది ఇందుకే.

ఇక పరిశోధనలు. ఇక్కడ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే సగం గందరగోళం పోతుంది: జబ్బు రావడం వేరు, వచ్చిన జబ్బు అదుపులో ఉండటం వేరు.

జబ్బు రావడం విషయంలో తిండిలోని కొవ్వుకి పాత్ర ఉన్నట్టే కనిపిస్తోంది. యూరప్‌లో రెండు లక్షల మూడు వేల మంది తిండి వివరాలు రాసుకుని, ఏళ్ల తరబడి గమనించిన పరిశోధన 2009లో వచ్చింది. వాళ్లలో 126 మందికి అల్సరేటివ్ కోలైటిస్ వచ్చింది. లినోలిక్ యాసిడ్ అందరికంటే ఎక్కువ తిన్న పావు వంతు మందిని, అందరికంటే తక్కువ తిన్న పావు వంతు మందితో పోల్చి చూస్తే, రిస్క్ దాదాపు రెండున్నర రెట్లు ఉంది. డిహెచ్ఎ ఎక్కువ తిన్నవాళ్లలో రిస్క్ తక్కువ. అమెరికాలో నర్సులను దశాబ్దాలు గమనించిన అధ్యయనంలో కూడా చేపల ఒమేగా-3 తిన్నవాళ్ల వైపే మొగ్గు కనిపించింది. మీకు సలహా ఇచ్చినవాళ్లు విన్నది బహుశా ఇలాంటిదే అయి ఉంటుంది.

వచ్చిన జబ్బు సంగతికొద్దాం. 1996లో ఇటలీలోని బొలోన్యాలో క్రోన్స్ (కోలైటిస్ లాగే పేగు వాచే, దానికి దగ్గరి చుట్టమైన జబ్బు) ఉన్న 78 మందికి ఏడాది పాటు పేగులోకి వెళ్లాక కరిగే ఫిష్ ఆయిల్ క్యాప్సూల్స్ ఇచ్చి చూశారు. ఏడాది చివర ఫిష్ ఆయిల్ తీసుకున్నవాళ్లలో 59 శాతం మందికి జబ్బు తిరగబెట్టలేదు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 26 శాతమే. ఆ ఫలితం చూసి ప్రపంచమంతా సంబరపడింది. తర్వాత అదే సంగతిని పెద్ద ఎత్తున పరీక్షించారు. ఎపిక్-1, ఎపిక్-2 అనే ఆ రెండు ట్రయల్స్‌లో కలిపి ఏడు వందల మందికి పైగా ఉన్నారు. రోజుకి 4 గ్రాముల చొప్పున శుద్ధి చేసిన ఒమేగా-3 ఇచ్చారు. 2008లో ఫలితాలొచ్చాయి. మొదటి దానిలో ఒమేగా-3 వాళ్లకి 31.6 శాతం, ఉత్తుత్తి మాత్ర వాళ్లకి 35.7 శాతం జబ్బు తిరగబెట్టింది. రెండో దానిలో 47.8, 48.8. అంటే తేడా లేనట్టే. అల్సరేటివ్ కోలైటిస్‌లో చేసిన ట్రయల్స్ ఇంకా చిన్నవి, వాటిలోనూ జబ్బు తిరగబెట్టకుండా ఫిష్ ఆయిల్ ఆపుతుందని తేలలేదు.

ఇంకో లెక్క కూడా చెప్తాను. ఆ ట్రయల్స్‌లో ఇచ్చిన 4 గ్రాముల్లో దాదాపు 3 గ్రాములు ఇపిఎ, డిహెచ్ఎలే. మన మెడికల్ షాపులో దొరికే మామూలు వెయ్యి మిల్లీగ్రాముల క్యాప్సూల్ వెనక చదవండి. ఇపిఎ 180, డిహెచ్ఎ 120, కలిపి 300 మిల్లీగ్రాములు అని ఉంటుంది. ఆ మోతాదు రావాలంటే రోజుకి పది క్యాప్సూల్స్ మింగాలి. అంత మింగినా పెద్ద ట్రయల్స్‌లో ఉపయోగం కనపడలేదు. ఒకటీ రెండూ వేసుకుని మందు మానేద్దామనుకోవడం ఎంత ప్రమాదమో మీరే ఆలోచించండి. ఫిష్ ఆయిల్‌తో కొందరికి మోషన్లు పలచబడతాయి, కడుపు ఉబ్బరం వస్తుంది. అప్పుడు అది జబ్బు తిరగబెట్టడమా, క్యాప్సూల్ ప్రభావమా అని డాక్టరుకి, మీకు ఇద్దరికీ టెన్షనే.

మూడేళ్ల క్రితం నా దగ్గరికి ఒక అబ్బాయి వచ్చాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మీ తమ్ముడి వయసే. ఎక్కడో చదివి అవిసె నూనె రోజూ రెండు చెంచాలు, ఫిష్ ఆయిల్ రెండు క్యాప్సూల్స్ మొదలుపెట్టాడు. మొదటి నెల బాగుందనిపించి మెసలమైన్ ఆపేశాడు. రెండో నెలా బాగానే ఉంది. ఈ జబ్బుతో వచ్చే మోసమే అది, మందు ఆపిన మర్నాడే ఏమీ జరగదు. మూడో నెల చివర్లో రోజుకి పద్నాలుగు మోషన్లు, అన్నిటిలో రక్తం. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చి అదుపులోకి తేవాల్సి వచ్చింది. వాళ్లమ్మగారు నా చెయ్యి పట్టుకుని "నూనె మారిస్తే చాలన్నారమ్మా" అంటుంటే నాకు నోట మాట రాలేదు. పెద్దపేగు కోలైటిస్‌లో మెసలమైన్ రోజూ వాడటం జబ్బు తిరగబెట్టకుండా ఉండటానికే, రక్తం ఆగింది కాబట్టి ఇక అక్కర్లేదనడానికి కాదు.

ఇంత చెప్పాక నూనె మార్చడం దేనికి అంటారేమో. దేనికంటే, మన ఇళ్లలో నూనె లెక్క నిజంగానే గాడి తప్పింది.

నేను కొత్త పేషెంటు కుటుంబాన్ని అడిగే మొదటి ప్రశ్న ఒమేగా గురించి కాదు. "నెలకి ఎన్ని లీటర్ల నూనె కొంటారు, ఇంట్లో ఎంతమంది?" అని అడుగుతాను. చాలామంది "మేం తక్కువే వాడతామమ్మా" అంటారు. లీటర్లు అడిగేసరికి అసలు సంగతి బయటికొస్తుంది. నల్గొండ నుంచి వచ్చిన ఒక నలుగురి కుటుంబం నెలకి ఆరు లీటర్ల సన్‌ఫ్లవర్ నూనె అన్నారు. వాళ్ల ముందే కాగితం మీద వేశాను. ఆరు లీటర్లంటే సుమారు 5,500 గ్రాములు. నలుగురికి, ముప్పై రోజులకి పంచితే మనిషికి రోజుకి 46 గ్రాములు. అందులో అరవై శాతం లినోలిక్ యాసిడ్ అనుకుంటే 27 గ్రాములు. ఒమేగా-3 పావు గ్రాము కూడా ఉండదు. నూనె వరకే చూస్తే నిష్పత్తి వందల్లో ఉంటుంది. తార్నాకలో ఉన్న మన జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది 5 నుంచి 10 మధ్య ఉండాలని. అదే సంస్థ 2024 మార్గదర్శకాల్లో రెండు వేల కేలరీల భోజనానికి రోజుకి 27 గ్రాముల నూనె చాలంది.

అదే కుటుంబం మూడున్నర లీటర్ల పల్లీ నూనెకి మారింది. మనిషికి రోజుకి 26, 27 గ్రాములు వచ్చింది. పల్లీ నూనెలో లినోలిక్ యాసిడ్ ముప్పై శాతం చొప్పున చూసినా 8 గ్రాములే. దానికి తోడు ఒక పెద్ద చెంచా అవిసె గింజల పొడి, అందులో ఒమేగా-3 ఒకటిన్నర గ్రాములు. వందల్లో ఉన్న నిష్పత్తి అయిదారుకి దిగింది. ఖరీదైన క్యాప్సూల్ లేదు, విదేశీ నూనె లేదు. నెల ఖర్చు కూడా దాదాపు అంతే ఉందన్నారు.

ఏ నూనె వాడాలో నాకు పెద్ద పట్టింపు లేదు. పల్లీ నూనె, పప్పునూనె (నువ్వులది), తవుడు నూనె, వీటిలో రెండు మార్చి మార్చి వాడుకోండి. ఆవనూనె వాసన ఓర్చుకోగలిగితే అందులో ఒమేగా-3 పది శాతం పైనే ఉంది, కానీ మన కూరల్లో అది అందరికీ నచ్చదు, బలవంతం చెయ్యను. ఆలివ్ నూనె మంచిదే, ఆ ధర పెట్టాల్సిన పని మాత్రం లేదు. సన్‌ఫ్లవర్ నూనె విషం అని భయపడకండి. లినోలిక్ యాసిడ్ శరీరానికి అవసరమైనదే, కొలెస్ట్రాల్‌కి మంచిదే. ఎక్కువ కావడమే ఇబ్బంది. దాన్ని మాని పామాయిల్‌కి వెళ్తే మాత్రం ఏం లాభం లేదు, అందులో సగానికి దగ్గరగా సంతృప్త కొవ్వే.

అవిసె గింజల గురించి ఒక మాట. వాటిలోని ఒమేగా-3 ఆల్ఫా లినోలెనిక్ యాసిడ్. అది ఒంట్లో ఇపిఎగా మారేది కొద్ది శాతమే, డిహెచ్ఎగా మారేది ఇంకా తక్కువ. కాబట్టి అవిసెలు చేపలతో సమానం కావు. అయినా శాకాహారులకి అందుబాటులో ఉన్న మంచి వనరు. గింజలు అలాగే మింగితే అలాగే బయటికొస్తాయి. దోరగా వేయించి, కొద్దిగా జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు వేసి పొడి కొట్టి, గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకోండి. వారానికి సరిపడా మాత్రమే చేసుకోండి, పాతబడితే నూనె వాసన కొడుతుంది. ఎండుమిరపకాయలు ఇంట్లోవాళ్లకి వేసినట్టు వెయ్యకుండా మీ తమ్ముడి వాటా ముందే పక్కకి తీయండి. పేగు సన్నబడిందని డాక్టరు చెప్పినవాళ్లు, ప్రస్తుతం రక్తం పడుతున్నవాళ్లు అడగకుండా అవిసెలు, గింజలు మొదలుపెట్టొద్దు. మీ తమ్ముడు రెమిషన్‌లో, అంటే జబ్బు అణిగి ఉన్న దశలో ఉన్నాడు కాబట్టి అర చెంచాతో మొదలుపెట్టి చూడొచ్చు.

చేపల విషయంలో మన తీరం వాళ్లు అదృష్టవంతులు. కవళ్లు, కానాగంతలు చవకలో దొరికే ఒమేగా-3 గనులు. నెత్తళ్లూ మంచివే. చెరువుల్లో పెంచే శీలావతి, బొచ్చెల్లో ఒమేగా-3 తక్కువ, కానీ మాంసకృత్తులు బాగుంటాయి, తినొచ్చు. అసలు చిక్కు వండే తీరులో ఉంది. కాకినాడ వైపు నుంచి వచ్చే ఒకావిడ వారానికి మూడుసార్లు కవళ్లు తింటున్నానని సంతోషంగా చెప్పారు. ఎలా వండుతారంటే, మూకుడు నిండా నూనె పోసి వేపుడు! మూడు చేపల ఒమేగా-3 కోసం ముప్పై గ్రాముల సన్‌ఫ్లవర్ నూనె తాగినట్టయింది. పులుసు పెట్టుకోండి, లేదా పెనం మీద చెంచా నూనెతో కాల్చండి. అంతర్జాతీయ ఐబిడి (కోలైటిస్, క్రోన్స్ లాంటి పేగు వాపు జబ్బులు) నిపుణుల బృందం 2020లో ఇచ్చిన సలహా కూడా ఇదే: అల్సరేటివ్ కోలైటిస్ ఉన్నవాళ్లు ఒమేగా-3ని తిండి నుంచి పెంచుకోవాలి, సప్లిమెంట్ల నుంచి కాదు.

నెయ్యి గురించి మీరు అడగలేదు కానీ మీ ఇంట్లో ఎవరో ఒకరు అడుగుతారు. నెయ్యిలో బ్యూటిరేట్ ఉంది, అది పేగుకి ఆహారం, కాబట్టి నెయ్యి ఎంత తింటే అంత మంచిదని చెప్తున్నారు. బ్యూటిరేట్ పెద్దపేగు కణాలకి ముఖ్యమైన ఇంధనం, అది నిజం. కానీ నెయ్యిలో ఉన్న కాస్తా పైనున్న చిన్నపేగులోనే ఇంకిపోతుంది, పెద్దపేగు దాకా రాదు. పెద్దపేగుకి కావాల్సిన బ్యూటిరేట్‌ని అక్కడి బ్యాక్టీరియా పీచు నుంచి తయారుచేస్తుంది. అంటే బీరకాయ, సొరకాయ, అరటిపండు, పొట్టు తీసిన పప్పులు, చల్లారిన అన్నం. మరోవైపు, పాల కొవ్వు ఎక్కువ పెట్టిన ఎలుకల్లో బిలోఫిలా అనే బ్యాక్టీరియా పెరిగి కోలైటిస్ వచ్చిందని 2012లో ఒక పరిశోధన చూపించింది. అవి జన్యుపరంగా ఆ జబ్బు వచ్చే అవకాశం ఉన్న ఎలుకలు, మనుషులు కాదు. దాన్ని పట్టుకుని ముద్దపప్పులో నెయ్యి చుక్క కూడా వద్దనను. ఒక చెంచా వేసుకోండి. గరిటెతో పోసుకోవద్దు.

బయటి వేపుళ్ల గురించి మాత్రం గట్టిగా చెప్తాను. మళ్లీ మళ్లీ మరిగించిన నూనెలో కొవ్వు ఆక్సీకరణ చెంది పాడైపోతుంది. 2022 జనవరి నుంచి నూనెల్లో, వనస్పతిలో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం మించకూడదని నిబంధన వచ్చింది, మంచిదే. బజ్జీల బండి మూకుడులో పొద్దుటి నుంచి మరుగుతున్న నూనెని ఏ నిబంధనా కొత్తది చెయ్యలేదు. ఇంట్లో కూడా పూరీలు చేసిన నూనెని దాచి మళ్లీ వేపుడుకి వాడే అలవాటుంటే మానుకోండి.

అయితే దీన్నంతా విని కొవ్వు పూర్తిగా మాన్పించేయకండి. ఇది నేను చూసే రెండో పెద్ద తప్పు. ఇంటర్ చదివే ఒకమ్మాయికి నాయనమ్మ పథ్యం పెట్టింది, ప్రేమతోనే. మూడు నెలలు చారన్నం, మజ్జిగన్నం. తొమ్మిది కిలోలు తగ్గి, రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పడిపోయి, నడవలేని స్థితిలో తెచ్చారు. జబ్బు బాగా ఉన్నప్పుడు మాంసకృత్తులు మామూలుకంటే ఎక్కువ కావాలి, కిలో బరువుకి 1.2 నుంచి 1.5 గ్రాములు. కేలరీలూ కావాలి. రక్తం పడే రోజుల్లో వేపుళ్లు ఆపి, మెత్తటి అన్నం, గుడ్డు, చేప పులుసు, పెరుగు, చెంచా నూనెతో ఉడికించిన కూర పెట్టాలి. ఆ సమయంలో ఒమేగా నిష్పత్తి గురించి ఆలోచించాల్సిన పనే లేదు, బరువు నిలబెట్టడమే పని.

ఇది చదివే వాళ్లలో క్రోన్స్ ఉండి చిన్నపేగు చివరి భాగం ఆపరేషన్‌లో తీసేసినవాళ్లు ఉంటే, మీ లెక్క వేరు. పిత్త లవణాలు తిరిగి ఇంకే చోటు అదే. అది ఎక్కువ పోతే ఏ నూనె అయినా సరిగా జీర్ణం కాదు, మలం జిడ్డుగా తేలుతుంది, ఎ, డి, ఇ, కె విటమిన్లు తగ్గుతాయి, కిడ్నీ రాళ్ల బెడద పెరుగుతుంది. మీకు మొత్తం కొవ్వు ఎంత అన్నదే మొదటి ప్రశ్న. దాన్ని మీ డాక్టరు, డైటీషియన్ కూర్చుని తేల్చాలి. కొబ్బరినూనె ఎంసిటి ఆయిల్‌తో (పిత్త లవణాలు పెద్దగా లేకపోయినా ఇంకే కొవ్వు) సమానమని షాపువాళ్లు చెప్తే నమ్మకండి, అందులో సగానికి దగ్గరగా ఉండేది లారిక్ యాసిడ్, అది అంత సులువుగా ఇంకదు.

మీ తమ్ముడికి మార్పులు మొదలుపెట్టే ముందు ఒకసారి మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగులో వాపు ఎంతుందో చెప్పే ప్రొటీన్) పరీక్ష చేయించమని డాక్టర్ని అడగండి. మూడు నెలల తర్వాత మళ్లీ చేయించండి. బాగుంది, బాలేదు అనేది కడుపులో అనిపించేదాన్ని బట్టి కాకుండా ఆ అంకె చూసి మాట్లాడుకోవచ్చు. అంకె తగ్గినా మందు మోతాదు సంగతి డాక్టరే చెప్పాలి.

ఇక పెళ్లి. అన్నం, పప్పు, కూర, పెరుగు హాయిగా తినమనండి. చేప ఉంటే పులుసు ముక్క వేయించుకోమనండి. గారెలు, బజ్జీలు, ఆ రోజు మరిగిన నూనెలో తేలినవి ఏవైనా వద్దు. బిర్యానీ రెండు గరిటెలు తింటే ఏం కాదు, రెండు పూటలా అదే తింటే ఇబ్బంది పడతాడు. పెళ్లి పనుల్లో నడుము నొప్పి అంటే ఎవరో ఒకరు జేబులోంచి నొప్పి మాత్ర తీసి ఇస్తారు, అది తీసుకోవద్దని ముందే చెప్పండి, అవసరమైతే పారాసిటమాల్ వాడొచ్చు. పెళ్లిళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టి వచ్చేవాళ్లని అడిగితే, తిండి కంటే ముందు తేలేది నాలుగు రోజులు మాత్రలు వేసుకోలేదన్న సంగతే. విడిదింటికి వెళ్లే బ్యాగులో మెసలమైన్ అట్టలు అనుకున్న రోజుల కంటే మరో రెండు రోజులకి సరిపడా ఎక్కువే పెట్టండి. ఆ బ్యాగు ఎవరి దగ్గర ఉంటుందో కూడా ముందే అనుకోండి.